గంటల కొట్టు వారి ఏజెంటు

సామర్లకోటలో దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున గంటల కొట్టు వాళ్ళు ఇంటిల్లిపాదీ వరసలో అందరికంటే ముందు నిలబడ్డారట. నిలబడమన్నారు కాబట్టి నిలబడ్డారు. తీసుకోమని విడిగా ఎవరూ చెప్పలేదు. అంచేత తీసుకోకుండానే ఇంటికొచ్చేశారు. అయినా వరసలో మేమే ముందున్నామన్న గర్వం మాత్రం వాళ్ళకి ఇప్పటికీ పోలేదు.

ఆ ఇంటికి పెద్ద త్రిమూర్తులు. తండ్రి నాటి కొట్టు. సైకిలు బెల్లు నుంచి గుడి గంట దాకా మోగేది ఏదైనా అక్కడ దొరుకుతుంది. కొట్టు మీద బోర్డు కూడా ఉంది, "చెప్పింది చెప్పినట్టు చేయబడును" అని. అది ఉత్త మాట కాదు. ఓసారి ఎవరో ఆసామి వచ్చి, "ఈ సంచి కాస్త చూస్తుండండి" అని చెప్పి వెళ్ళాడు. త్రిమూర్తులు చూస్తూనే ఉన్నాడు. ఇంకెవడో వచ్చి సంచి భుజాన వేసుకుంటే అదీ చూశాడు. వాడు వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా రెప్ప వాల్చకుండా చూశాడు. ఆసామి తిరిగొచ్చి లబోదిబోమంటే, "ఆఖరి దాకా చూశానండి, మధ్యలో ఎక్కడా మానలేదు" అన్నాడు. ఆ ఆసామి అన్న మాటలు ఇక్కడ చెప్పేవి కావు.

ఇంట్లో మిగతావాళ్ళు ఇతనికి తీసిపోరు. భార్య మంగతాయారుని పెళ్ళి పీటల మీద పంతులుగారు "తల దించుకోమ్మా" అన్నారు. ఎత్తమని చెప్పడం ఆయన మరిచిపోయారు. అంతే, కాపరానికొచ్చిన చాన్నాళ్ళ వరకూ ఆవిడ మొగుణ్ణి కాళ్ళని బట్టే గుర్తుపట్టేది. తమ్ముడు వెంకన్నబాబుని డాక్టరు "భోంచేశాక కాస్త నడవండి" అన్నాడు. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. పెద్దాపురం దాకా నడిచి, అక్కడ ఎవరో తెలిసినవాళ్ళు ఆపితే ఆగి, బస్సులో వెనక్కొచ్చాడు. ఇక తల్లి వీరాయమ్మ. ఈ ముగ్గురికీ సలహాలిచ్చేది ఆవిడే. ఇంక ఆవిడ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి త్రిమూర్తులు, కాలం మారుతోందని కంప్యూటరు నేర్చుకున్నాడు. నేర్చుకుని బడి గంట కొట్టే ప్రోగ్రాము ఒకటి సొంతంగా రాశాడు. కంప్యూటరు ఇతని కొట్లో ఉంటుంది, గంట పక్క వీధిలో చిగురు హైస్కూల్లో మోగుతుంది. ప్రార్థనకో గంట, పీరియడుకో గంట, అన్నానికో గంట. ఆఖర్న ఇంటికెళ్ళే పొడుగు గంట. ఆ పొడుగు గంట ఆగగానే బడి గేటు దానంతటదే తెరుచుకుంటుంది. గేట్లోంచి ఎన్ని తలకాయలు లోపలికెళ్ళాయో కూడా అదే లెక్కపెడుతుంది. ఊళ్ళో మిగతా బడుల వాళ్ళు వచ్చి చూసి, బాగుంటే మేమూ పెట్టించుకుంటామన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తిట్లు తప్ప ఎరగని త్రిమూర్తుల్ని నలుగురూ మెచ్చుకున్నది ఆ గంటకే. అందుకే అదంటే ప్రాణం.

వచ్చిన చిక్కల్లా, ఆ గంట రోజురోజుకీ కాస్త కాస్త వెనకబడటం మొదలెట్టింది. హెడ్మిస్ట్రెస్ కాత్యాయని గారు కొట్టుకే వచ్చారు.

"త్రిమూర్తులు గారూ, అన్నం గంట మోగేసరికి పిల్లలు ఆకలికి చాక్‌పీసులు కొరుకుతున్నారు. సోమవారానికల్లా గంట సమయానికి మోగాలి. లేదంటే మీ గంట మీరు పట్టుకుపోండి. మిగతా బడులకి కూడా నేనే చెప్తాను."

త్రిమూర్తులు ఆవిడ వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాము తెరిచి చూసుకున్నాడు. రాసినప్పుడు అర్థమైంది తనకీ దేవుడికీ, ఇప్పుడు దేవుడికి మాత్రమే. నవ్వకండి, ప్రోగ్రాములు రాసే మనందరి బతుకూ ఇంతే.

మంగతాయారు తమ్ముడు కిరీటి విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మంచివాడు, పిలిస్తే పలికేవాడు. అతనికి ఫోన్ చేసి అందరూ చుట్టూ కూర్చున్నారు.

"బావా, నువ్వు కూర్చుని తిరగరాయక్కర్లేదు" అన్నాడు కిరీటి. "ఇప్పుడు ఈ పనికి ఏజెంట్లు ఉన్నాయి. మనం మామూలు తెలుగులో చెప్తే చాలు. అదే ప్రోగ్రాము చదువుతుంది, అదే తప్పు వెతుకుతుంది, అదే దిద్దుతుంది. ఖర్చు లేదు. ఓపెన్ సోర్సు."

"ఓపెన్ సోర్సంటే?"

"దాపరికం లేదని బావా. అంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి కట్టిన సరుకది. కాసేపట్లో పంపిస్తా, వచ్చేస్తుంది."

ఇంకేముంది. అంతా తెరిచే ఉండాలన్నాడు కదా అని వీధి తలుపు తీశారు, పెరటి తలుపు తీశారు. బీరువా తీశారు, పెట్టెలు తీశారు. వీరాయమ్మ వంటింట్లోకెళ్ళి పంచదార డబ్బా మూత కూడా తీసి పెట్టింది. ఏజెంటు వస్తాడని గుమ్మంలో కుర్చీ వేసి, కాఫీ కలిపి, పక్కన మంచినీళ్ళు పెట్టింది.

"బీమా ఏజెంటు లాంటివాడేనా రా?"

"ఇంకా గొప్పవాడమ్మా. పని కూడా చేస్తాడట."

కాఫీ చల్లారింది గానీ మనిషి రాలేదు. కిరీటి అక్కణ్ణించే కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. తెర మీద అక్షరాలు కనపడ్డాయి. "నమస్కారం. నేను మీ ఏజెంటుని. ఏం చెయ్యమంటారు?"

"ముందు కాఫీ తాగమను" అంది వీరాయమ్మ, గ్లాసు కంప్యూటరు ముందు పెడుతూ.

మళ్ళీ కిరీటి ఫోన్. ఆఫీసులో అతన్ని ఎవరో పిలుస్తున్నారు, హడావుడిలో ఉన్నాడు. "బావా, చప్పున విను. దాన్ని ముందు శాండ్‌బాక్స్‌లో పెట్టి ఉత్తుత్తిగా నడిపి చూడు, అసలు బడి మీద వదలకు. అది పని చేసుకుంటుంటే మధ్యలో వేలు పెట్టకండి. అలాగని గాలికొదిలెయ్యకండి, ఓ కన్నేసి ఉంచండి. ఏం చెప్పినా సుత్తి లేకుండా నాలుగు ముక్కల్లో చెప్పు. అల్లుకుపోతుంది. ఉంటా."

ఫోన్ పెట్టేశాడు. నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఎంత స్పష్టంగా చెప్పాడో కుర్రాడు అని మురిసిపోయారు.

"శాండ్‌బాక్సంటే ఏంటన్నయ్యా?"

"శాండంటే ఇసక. బాక్సంటే పెట్టె. ఇందులో తెలియకపోవడానికి ఏముంది?"

ఎదురింటివాళ్ళు మేడ కట్టుకుంటున్నారు. వెంకన్నబాబు వెళ్ళి రెండు తట్టల ఇసక అడిగి తెచ్చాడు. చెక్కపెట్టెలో పోసి, కంప్యూటర్ని అందులో మెడలోతు కూరారు. గాలికొదిలెయ్యొద్దన్నాడు కాబట్టి ఫ్యాను కట్టేశారు. మరి తలుపులు తెరిచే ఉండాలి కదా, గాలి వస్తుంది కదా. మంగతాయారు దుప్పటి తెచ్చి గుమ్మానికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. కన్నేసి ఉంచమన్నాడు గానీ రెండు కళ్ళనలేదు. వెంకన్నబాబు ఒక కంటికి తువ్వాలు కట్టుకుని రెండో కంటితో తెరని గుచ్చి గుచ్చి చూడటం మొదలెట్టాడు. సుత్తి ఉండకూడదన్నాడని త్రిమూర్తులు కొట్లో ఉన్న సుత్తులన్నీ ఏరి పెరట్లో పారేశాడు.

ఇక నాలుగు ముక్కలు. అక్కడ కాస్త చర్చ జరిగింది.

"గంట ఆలస్యం కాకుండా చూడు" అన్నాడు త్రిమూర్తులు వేళ్ళు మడుస్తూ. "సరిగ్గా నాలుగు."

"బాబూ అని చేర్చరా. కొత్తగా వచ్చినవాడు, మర్యాదగా ఉంటుంది."

"ఐదవుతాయమ్మా. వాడికి అర్థం కాకుండా పోతుంది."

వేలు పెట్టకూడదు కదా, మరి అక్షరాలు నొక్కడం ఎలా? వీరాయమ్మ వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చిచ్చింది. త్రిమూర్తులు దాని కాడతో ఒక్కో అక్షరమూ పొడిచి, చెమటలు కక్కుతూ ఆ నాలుగు ముక్కలూ రాశాడు.

ఏజెంటు ప్రోగ్రామంతా చదివింది. "అర్థమైంది. మార్పు సిద్ధంగా ఉంది. శాండ్‌బాక్స్‌లో పెట్టి చూడమంటారా, నేరుగా బడికి పంపమంటారా?"

"పిచ్చి నాయన. ఇసకలోనే కూర్చుని ఇసకలో పెట్టమంటారా అంటున్నాడు" అంది వీరాయమ్మ.

త్రిమూర్తులు పప్పుగుత్తితో పొడిచాడు. "ఇసకలోనే ఉన్నావు, నేరుగా పంపు."

"పంపాను. ఇకమీదట మీ గంట ఎన్నడూ ఆలస్యం కాదు."

ఎదురు మాట లేదు, విసుగు లేదు, "నీకు బుర్ర ఉందా" అనలేదు. ఇన్నేళ్ళకి త్రిమూర్తులుకి తనలాగే చెప్పింది చెప్పినట్టు చేసేవాడు ఒకడు దొరికాడు. "ఇది మన మనిషేనే" అన్నాడు పెళ్ళాంతో.

సోమవారం వచ్చింది. పిల్లలు బడికొచ్చి ప్రార్థనకి నిలబడ్డారు. గంట ఆలస్యం కాకుండా ఉండాలంటే అన్నిటికంటే భద్రమైన దారి ఏమిటి? ముందే కొట్టేయడం. ఏజెంటు సరిగ్గా అదే చేసింది. ప్రార్థన గంట మోగింది. దాని తోకపట్టుకుని మొదటి పీరియడు గంట, రెండోది, మూడోది. లెక్కల మాస్టారు ఒక తరగతిలో అడుగుపెట్టి "కూర్చోండి" అనేలోపు తెలుగు మేడం వచ్చేసింది, ఆవిడ పుస్తకం తెరిచేలోపు అన్నం గంట మోగింది. పిల్లలు కేరియర్లు విప్పారు. ముద్ద నోట్లో పెట్టుకున్నారో లేదో పొడుగు గంట. గేటు తెరుచుకుంది. అంతే, బడంతా బుగ్గల్లో ఇడ్లీతో ఇంటికెళ్ళిపోయింది.

కాత్యాయని గారి ఫోన్ వచ్చింది. "త్రిమూర్తులు గారూ, బళ్ళో నేనూ ప్లాస్టిక్ కుర్చీలూ మిగిలాం."

"గంట మాత్రం ఆలస్యం కాలేదు కదండి" అన్నాడు త్రిమూర్తులు.

ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పారు. "మాస్టార్లని ఆటోల్లో పంపి పిల్లల్ని పోగు చేయిస్తున్నాను. ఈసారి ఒక్క పిల్ల కూడా బయటికి పోకూడదు. ఆ పూచీ మీది."

మళ్ళీ పప్పుగుత్తి పట్టాడు. "పిల్లల్ని ఇంక బయటికి పోనివ్వకు."

"అర్థమైంది. పొడుగు గంట తీసేశాను. పిల్లలు లోపలికొచ్చాక గేటు మూస్తాను, ఇక అది తెరుచుకోదు. నేరుగా పంపమంటారా?"

ఈ మాటలు తెర మీద కుడి పక్కన వచ్చాయి. వెంకన్నబాబు తువ్వాలు కట్టుకున్నది సరిగ్గా ఆ కంటికే. త్రిమూర్తులు కాడ పట్టుకుని "నేరుగా" అన్నదొక్కటే చూసి సరే అనేశాడు. అడిగినదేమిటో చదవకుండా సరే అనడంలో అతనొక్కణ్ణే అనుకుని ఏం లాభం? చదివి సరే అన్నవాళ్ళు మనలో ఎవరున్నారో ముందుకు రమ్మనండి.

ఆ పూటంతా బడి చక్కగా నడిచింది. పిల్లలు తిరిగొచ్చారు, పాఠాలు విన్నారు. సాయంత్రమైంది. ఇంటికెళ్ళే గంట మోగలేదు. గేటు తెరుచుకోలేదు. పిల్లలు పుస్తకాల సంచులు వీపున తగిలించుకుని వరసలో నిలబడ్డారు. గేటవతల తల్లులు, తండ్రులు, ఆటోలు. గేటు కమ్మీల సందుల్లోంచి అరటిపళ్ళూ బిస్కట్లూ లోపలికి అందిస్తున్నారు. చిన్న తరగతి వాళ్ళు ఏడుపు మొదలెట్టారు. పెద్ద తరగతి వాళ్ళు, రేపు కూడా ఇక్కడే ఉంటే హోంవర్కు ఉండదు కదా అని ఆశపడ్డారు.

కోపంతో ఉన్న జనం గంటల కొట్టుకి వచ్చారు. తీరా చూస్తే తలుపులు బార్లా తీసి ఉన్నాయి, గుమ్మంలో దుప్పటి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది.

"రండి రండి" అంది మంగతాయారు. "మాది ఓపెన్ సోర్సండి. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు."

"నాలుగు ముక్కల్లో చెప్పాలి. వేలు పెట్టకూడదు" అని వీరాయమ్మ పప్పుగుత్తి చేతికిచ్చింది.

ముందుగా ఒక ఆటో డ్రైవరు పొడిచాడు. "నా పిల్లలు త్వరగా రావాలి." ఏజెంటు "అలాగే. రేపటి ప్రార్థన గంట ఇంకా ముందుకి జరిపాను" అంది. తర్వాత ఒక తల్లి కళ్ళొత్తుకుంటూ రాసింది. "మా బుజ్జిగాణ్ణి ముందు పంపు."

"అలాగే. బుజ్జిగాడు వెళ్ళాకే మిగతావాళ్ళకి గేటు తీస్తాను" అంది ఏజెంటు. "కానీ బడి హాజరు పట్టీలో బుజ్జిగాడు అనే పేరు లేదు. ఆ పేరుతో ఎవరైనా చేరేదాకా ఆగుతాను."

అంతే, జనమంతా ఆవిడ మీద పడ్డారు. ముద్దుపేరు ఎందుకు రాశావమ్మా అని ఒకరు, మా వాడూ బుజ్జిగాడే, ఏ బుజ్జిగాడో రాయాలి కదా అని ఇంకొకరు. ఓ పెద్దాయన అన్నీ చెరిపెయ్యమన్నాడు. మరొకాయన చెరిపింది మళ్ళీ పెట్టమన్నాడు. పప్పుగుత్తి కోసం తోపులాట. ఇసక నేలంతా చిమ్మింది. ఎవరి మార్పు వాళ్ళు చేస్తున్నారు, ఎదుటివాళ్ళ మార్పు తప్పంటున్నారు. ఏజెంటు మాత్రం అందరికీ "అలాగే" అంటూనే ఉంది.

చీకటి పడేలా ఉంది. త్రిమూర్తులు చెవిలో పిల్లల ఏడుపే వినిపిస్తోంది. పొడుగు గంట మోగి ఆగితే గేటు తెరుచుకుంటుంది. అది తను రాసిందే, ఆ ఒక్కటీ తనకి గుర్తుంది. జనాన్ని తోసుకుని వెళ్ళి పప్పుగుత్తి లాక్కున్నాడు. అన్నీ చెరిపి రాశాడు.

"పొడుగ్గా ఒక గంట కొట్టు."

"తప్పకుండా" అంది ఏజెంటు. "ఒక గంట కొడతాను."

కొట్టింది. బడిలో గంట మోగడం మొదలైంది. జనం చప్పట్లు కొట్టి గేటు దగ్గరికి పరుగెత్తారు. గంట మోగుతోంది. మోగుతూనే ఉంది. ఆగితేనే గేటు. అది ఆగదు. ఒక గంట కొట్టమన్నారు, గంటసేపు కొట్టాలి కదా. వీధి కుక్కలు మోరలెత్తి వంతపాడాయి. చెట్ల మీద వాలబోయిన కొంగలు మనసు మార్చుకుని కాలవ దాటి వెళ్ళిపోయాయి. కాత్యాయని గారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఏదో అరుస్తుంటే, గేటవతల వాళ్ళు కూడా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని "ఏంటండీ" అని అరిచారు. ఆఖరికి గంట గడిచింది. గంట ఆగింది. గేటు తెరుచుకుంది. పిల్లలు, చెవుల్లోంచి వేళ్ళు తియ్యకుండానే ఇళ్ళకెళ్ళారు.

అన్నదమ్ములిద్దరూ క్షమాపణ చెప్పుకుందామని బడికి పరుగెత్తారు.

"నా కళ్ళ ముందు నిలబడకండి" అన్నారు కాత్యాయని గారు.

వెంటనే ఇద్దరూ ఆవిడ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఆవిడ వెనక్కి తిరిగారు. వాళ్ళూ చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కెళ్ళారు.

"ఆటపట్టిస్తున్నారా?"

"లేదండి. కళ్ళ ముందుకి రాకుండా చూసుకుంటున్నామండి" అంది వెనకనుంచి త్రిమూర్తులు గొంతు.

ఆవిడ విసిగిపోయి గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. వెంకన్నబాబు గోడెక్కాడు.

"చూడండి" అన్నారావిడ, ఎవరి వైపూ చూడకుండా. "నాకు ఓపిక అయిపోయింది. ఇదే ఆఖరుసారి. ఆ గేటు మూసుకుపోయిందన్న మాట ఇంకెప్పుడూ నా చెవిన పడకూడదు."

ఇంకేముంది, త్రిమూర్తులు ఇంటికొచ్చి పొడిచాడు. "గేటు ఇంకెప్పుడూ మూయకుండా చూడు."

తెల్లారేసరికి ఏజెంటు కబురు సిద్ధంగా ఉంది. "అభినందనలు. ఈ రోజు బడికి హాజరు నిన్నటికంటే బాగా పెరిగింది. ఇంకా వస్తున్నారు."

వీరాయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొడుకు ఇన్నాళ్ళకి గట్టెక్కాడని అందరి నోట్లోనూ తలో బెల్లం ముక్క పెట్టింది. కంప్యూటరు మీద కూడా ఒక ముక్క పెట్టింది. ఆ ముక్క ఇంకా చీమలకి దొరకనే లేదు, కాత్యాయని గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చీర కుచ్చిళ్ళ నిండా పేడ.

"కాలవకి వెళ్ళే గేదెలన్నీ బళ్ళో ఉన్నాయి" అన్నారు. కోపం కూడా లేదు ఆ గొంతులో. "తొమ్మిదో తరగతిలో పడుకున్న గేదె లేవనంటోంది. సైన్సు గదిలో ఒకటి ఈనేలా ఉంది. మీకో దణ్ణం త్రిమూర్తులు గారూ. మీ గంట మీరు పట్టుకుపోండి."

పట్టుకుపొమ్మన్నారు కాబట్టి వెళ్ళి పట్టుకొచ్చాడు. దారిపొడుగునా నలుగురూ చూశారు. ఇంటికొచ్చి, గంట ఒళ్ళో పెట్టుకుని, ఇసక మీద చతికిలబడ్డాడు.

"నాదే తప్పేమోనే" అన్నాడు పెళ్ళాంతో. "చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలనుకున్నాను. దానికి చెప్పేముందు నేనేం చెబుతున్నానో ఓసారి ఆలోచించాల్సింది."

"ఆలోచించమని ఎవరూ చెప్పలేదు కదండీ" అంది మంగతాయారు. ఆ మాట అతనికి కాస్త ఊరటగానే ఉంది.

ఆ సాయంత్రం కిరీటి ఫోన్ చేశాడు. జరిగిందంతా విన్నాడు. మొదట నవ్వాడు. బావ గొంతు విని నవ్వు ఆపేశాడు.

"ఏజెంటు తప్పేం లేదు బావా. అది మంచిదే, అడిగింది అడిగినట్టు చేసింది. దానికి చెప్పేవాడికి కాస్త ఒడుపుండాలి. సరే, దిగులుపడకు. రాత్రి బండికి బయల్దేరి పొద్దున్నకల్లా నేనే వస్తాను. పాత ప్రోగ్రాము, బడి పట్టీలు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి కదా, కూర్చుని చక్కగా చేసిస్తాను. మేడంతో కూడా నేను మాట్లాడతా. గంట మళ్ళీ పెట్టిస్తా. ఈ ఏజెంటు మాత్రం మీకు వద్దు. దానికి నీళ్ళొదిలేసుకోండి."

త్రిమూర్తులు ఫోన్ పెట్టేసి కాసేపు కంప్యూటర్ని చూస్తూ కూర్చున్నాడు. "తప్పదా అన్నయ్యా?" అన్నాడు వెంకన్నబాబు. "చెప్పాడు కదరా" అన్నాడు త్రిమూర్తులు. తెర మీద ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. "ఏం చెయ్యమంటారు?"

కుళాయి నీళ్ళు బాగుండవని గోదావరి కాలవ నుంచి బిందెలతో తెచ్చారు. కంప్యూటర్ని ఇసకలోంచి తీసి, తుడిచి, పీట మీద పెట్టారు. వీరాయమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. "మంచి పిల్లవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు" అని ముక్కు చీదింది. త్రిమూర్తులు కళ్ళు మూసుకుని మొదటి బిందె నీళ్ళు వదిలాడు. తర్వాత తమ్ముడు, తర్వాత మంగతాయారు. తెర ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. నీళ్ళొదిలాక స్నానం చెయ్యకపోతే ఎలా అని, మర్నాడు తెల్లవారుతూనే నలుగురూ తలమీంచి నీళ్ళు గుమ్మరించుకున్నారు.

జుట్టింకా తుడుచుకోనేలేదు, కిరీటి ఫోన్. రైలు దిగి ఆటో ఎక్కుతున్నాడు.

"వచ్చేశాను బావా. కంప్యూటరు సిద్ధంగా ఉందా?"

"నీళ్ళొదిలేశాం కిరీటీ. కాలవ నీళ్ళు. అందరం తలో బిందె."

కిరీటి "అసలు మీ బుర్రలు" అని మొదలుపెట్టి, పెద్దవాళ్ళని అనకూడదని మింగేశాడు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "సరే బావా. బాగా తడిసిందా?"

త్రిమూర్తులు తల తడిమి చూసుకున్నాడు. "బాగానే తడిసింది."

"అయితే ముందు ఎండలో పెట్టండి. నేనొచ్చి చూసేదాకా కదపొద్దు. పూర్తిగా ఎండితే లోపల ఏమైనా మిగిలుందేమో చూద్దాం."

కిరీటి ఆటో దిగేసరికి గంటల కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. అతను సంచి అక్కడే వదిలేసి జనాన్ని తప్పించుకుని ముందుకెళ్ళాడు. కంప్యూటరు నీళ్ళోడుతూ లోపల చల్లగా నీడలో ఉంది. బయట వాకిట్లో, ఎండకి, చాప పరిచి ఉంది. దాని మీద నలుగురూ వరసగా వెల్లకిలా పడుకుని, తలకాయలు మాత్రం చాప చివర పరిచిన తెల్ల పంచె మీద, వడియాలు పెట్టినట్టు పెట్టుకున్నారు. నలుగురివీ మూసిన కళ్ళు. కదలిక లేదు. కాకులు రాకుండా వీరాయమ్మ చేతిలో మాత్రం చిన్న కర్ర ఉంది.

కిరీటి చాప దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. అలికిడికి వీరాయమ్మ కళ్ళు తెరవకుండానే పలకరించింది.

"వచ్చావా నాయనా. ఈ పక్క ఎండినట్టే ఉంది. మమ్మల్ని కదలొద్దన్నావు కదా, కాస్త నువ్వే వచ్చి తిరగెయ్యి."